ఆకాశమున మజిలీలు

డిసెంబరు మాసము రాగానే చంద్రగిరి వీధులలో ఒక వింత సందడి మొదలగును. ఏ యింటి ముంగిట చూచినను బాడుగకారొకటి నిలిచియుండును. అందుండి దించిన పెట్టెలకు విమానపు చీటీలు ఇంకను వ్రేలాడుచుండును. ఆ పెట్టెల నడుమ, నిద్ర చాలని కన్నులతో, ఇది యే లోకమో తెలియక, తల్లి భుజమును కరచుకొనియున్న పసివాడొకడు కోళ్ళను, కుక్కలను, తన్ను చూడవచ్చిన ముసలివారిని సమానమైన అనుమానముతో పరికించుచుండును. అరుగుమీది అవ్వలు జీతమెంతయని యడుగరు, టిక్కెట్టు ఖరీదు అడుగరు. వారి ప్రశ్న యొక్కటే.

"ఎన్ని గంటలు పట్టిందమ్మా? దావలో బిడ్డ ఏడ్చలేదా?"

"వాడితోపాటు నేనూ ఏడ్చినానవ్వా" అని ఒక తల్లి చెప్పిన సమాధానము మా వీధిలో నేటికిని సామెతవలె చెల్లుచున్నది.

పసిబిడ్డలను అంత దూరము మోసికొనివచ్చుటకు మావైపు మొక్కుబడి యొకటి బలమైన కారణము. ఏడుకొండలవాడు ఇలవేలుపైన యింటి బిడ్డ డల్లాసులో పుట్టనిండు, మెల్‌బోర్నులో పుట్టనిండు, ఆ పుట్టువెంట్రుకలు తిరుమల కల్యాణకట్టలోనే దిగవలెను. తొమ్మిదవ నెలయో, పదునొకండవ నెలయో, అది తప్పినచో మూడవ యేడో, అయిదవ యేడో, మొత్తముమీద బేసి లెక్క కుదురవలెను. ఏడాదిలోపు బిడ్డను ఎత్తుకొనివచ్చిన తల్లిదండ్రులను సుపథము ద్వారమున దర్శనమునకు పంపు సదుపాయము దేవస్థానమువారు కల్పించియున్నారు. రెండేండ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని పోవుదుమన్నచో, విదేశములకు పోవు విమానములలో సాధారణముగా పెద్దల టిక్కెట్టులో పదవవంతు పుచ్చుకొందురు. ఈ రెండు లెక్కలను కలిపి చూచుకొనిన తాతలు "ఏడాది లోపలే తీసుకొచ్చేయండి నాయనా" అని ఫోనులో పోరు పెట్టుదురు. లెక్క సరియైనదే. అయితే ఒడిలోని బిడ్డ పదహారు గంటలు ఒడిలోనే యుండునని ఆ లెక్కలో ఎవరును వ్రాయలేదు.

రేణిగుంట విమానాశ్రయము మాకు చేరువనే యున్నను, సముద్రములు దాటవలెనన్నచో చెన్నయికో బెంగుళూరునకో పోక తప్పదు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నయికి మూడున్నర గంటల కారు ప్రయాణము. మూడు గంటలు ముందుగా చేరుడని విమానమువారి హెచ్చరిక. అరబ్బు దేశపు నగరమొకదానికి నాలుగు గంటలు. అక్కడ తెల్లవారుజామున మూడు నాలుగు గంటల పడిగాపులు. అటుపిమ్మట కాలిఫోర్నియాకు పదహారు గంటలు. ఎట్లు కూడినను ముప్పదికి అటునిటుగా నగును. 2021 జనవరిలో ఎయిరిండియావారు శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు నేరుగా విమానము వేసినప్పుడు, స్త్రీలే పైలట్లుగా దానిని ఉత్తరధ్రువము మీదుగా నడిపి తెచ్చినారని పత్రికలన్నియు మెచ్చుకొనినవి. ఆ రెండు నగరముల నడుమ దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. ఆ వార్త చదివిన నాడు నాకు మొదట తోచినది పైలట్ల సాహసము కాదు. ఆ విమానములో వెనుక వరుసలయందు ఎన్ని పసికూనలున్నవో, వాని తల్లులు ఏమి చేసి యుందురో యన్న చింత.

1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి, తిరుపతి మీదుగా కాశికి పోయి, మరుసటి యేడు సెప్టెంబరున ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పదునైదు నెలలు దారిలోనే గడపిరి. వారి యాత్రతో పోల్చినచో ముప్పది గంటలు నిమేషమాత్రము. కాని ఆ కాలపు దారిలో బిడ్డ పేచీ పెట్టినచో దింపి, చెట్టునీడన ఆడించి, బావినీరు త్రాపి, మరల ఎత్తుకొనవచ్చును. విమానమున దించుట కుదురదు. ఉన్న చిక్కంతయు ఆ దిగుటకు వీలు లేకపోవుటయందే యున్నది.

దీనికి విరుగుడు మనవారొకరు ఏనాడో కనిపెట్టిరని నా నమ్మకము. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీకథలలో మణిసిద్ధుడను యతి, కాశికి తోడు దొరకక, ఒక పసులకాపరి కుఱ్ఱవానిని బతిమాలి వెంటబెట్టుకొనును. ఆ కుఱ్ఱవాడు ఊరక రాడు. దారిలో తన కంటబడిన వింతను గూర్చి అడిగినపుడెల్ల, మజిలీ చేరి అన్నము తినగానే దాని కథ చెప్పితీరవలెనని షరతు పెట్టును. పన్నెండు భాగముల గ్రంథమంతయు ఆ యొక్క షరతు మీద నడచినది. కాశి యెంత దూరమున్నదో ఆ బాలుడు తలచినట్లే కనబడదు. వానికి రేపటి మజిలీ యొక్కటే దూరము. పసివానిని దూరదేశమునకు తీసికొనిపోవు తల్లిదండ్రులు ఇంతకంటె నేర్చుకొనవలసినది ఎక్కువ లేదు. పదహారు గంటలను పదహారు గంటలుగా తలచువాడు ఎక్కకముందే ఓడిపోవును.

లెక్క వేసి చూతము. పదహారు గంటలనగా తొమ్మిదివందల యరువది నిమిషములు. అందు సగము నిద్రలో గడచునని ఆశపడుదము. తిండికి, బట్టలు మార్చుటకు, ముఖము కడుగుటకు రెండు గంటలు. మిగిలినవి ఆరు గంటలు. మూడేండ్ల బిడ్డ ఒక ఆటమీద పావుగంట నిలిచినచో గొప్ప సంగతి. అనగా ఇరువదినాలుగు మజిలీలు. మా యెదురింటి కోడలు, అమెరికాకు ముమ్మారు పోయివచ్చిన ప్రోడ, ఈ ఇరువదినాలుగింటిని ఇరువదినాలుగు పొట్లములుగా కట్టును. మా ఊరి అంగడిలో పూర్వము చక్కెర కట్టినట్లు పాతపత్రికలో చుట్టి, పైన తెల్లదారము రెండు వరుసలు తిప్పి ముడివేయును. ఆ ముడి విప్పుటకే బిడ్డకు మూడు నిమిషములు పట్టును. లోపల నుండునవి గొప్ప వస్తువులేమియు కావు: అంటించి పెరుకుటకు వీలైన బొమ్మలకాగితము, ఒకదానిలో నొకటి యిముడు మూతడబ్బాలు, పాత తాళముచెవుల గుత్తి, నీళ్ళ కుంచెతో రుద్దగా రంగు తేలు పుస్తకము, గుడ్డబొమ్మకు తొడుగు చిన్న చొక్కా. దారమునకు గ్రుచ్చు పూసలు మూడేండ్లు దాటినవారికి మాత్రమే. అంతకు చిన్నవారు వానిని నోటిలో వేసికొందురు. పాటలు పాడు బొమ్మ ఒక్కటియు నుండదు. ఒకసారి పెట్టి, ముందుసీటు పెద్దమనిషి మూడుసార్లు వెనుదిరిగి చూచినందువలన నేర్చుకొన్నానని ఆమె చెప్పెను. అన్నిటికంటె ముఖ్యమైన నియమము, ఒక పొట్లము చేతిలో నుండగా రెండవది కంటబడరాదు.

ఒడిలోని పసిగుడ్డుల సంగతి వేరు. వారికి వినోదముకంటె ఉపశాంతి కావలెను. విమానము ఎక్కునపుడును, అంతకు మించి దిగునపుడును వారు గుక్కపట్టి యేడ్చుటకు చెవి కారణము. ముప్పదియైదు, నలుబదివేల అడుగుల యెత్తున పోవునపుడు లోపలికి గాలిని ఒత్తి నింపుచుందురు. అయినను అది నేలమీది గాలియంత దట్టముగా నుండదు. ఆరువేలు మొదలు ఎనిమిదివేల అడుగుల కొండమీద నుండు గాలితో సమానము. తిరుమల యెత్తు సుమారు 2,800 అడుగులు; దానికి రెండు మూడు రెట్లనుకొనుడు. ఘాటురోడ్డుపై బస్సు మలుపులు తిరుగుచు దిగునపుడు చెవులు దిబ్బడలు పడుట, గుటక వేయగానే టప్పుమని తెరచుకొనుట మావైపు పసిపిల్లలకు సైతము ఎరుకయే. చెవిగూబ వెనుకనున్న చిన్న గదినుండి గొంతు వెనుకకు సన్నని గొట్టమొకటి యున్నది; వైద్యులు దానిని యూస్టేషియన్ నాళమందురు. గుటక వేసినను, ఆవులించినను అది తెరచుకొని లోపలి గాలిని వెలుపలి గాలిని సరిచేయును. పసిబిడ్డలలో ఈ గొట్టము సన్నము, ఏటవాలు తక్కువ. పైగా దిగునపుడు వెలుపలి ఒత్తిడి పెరుగుచుండగా అది మూసికొనుటకే చూచును. గుటక వేయుమనిన బిడ్డకు తెలియదు గదా. కావున పాలిచ్చుటయే ఉపాయము.

ఇక్కడ తల్లులు చేయు పొరపాటు ఒకటి కలదు. ఎక్కగానే కడుపునిండ పాలు పట్టి నిద్రపుచ్చెదరు. దిగు వేళకు బిడ్డ గాఢనిద్రలో నుండును, చెవులు మూసికొనిపోవును, విమానము నేలకు తాకక మునుపే ఆకాశము దద్దరిల్లును. నేల చేరుటకు అరగంట ముందు విమానము క్రిందికి వాలుట మొదలుపెట్టును. ఆ వేళకు బిడ్డను మెల్లగా లేపి, రొమ్ము గాని, సీసా గాని, పాలపీక గాని అందింపవలెను. పెద్దపిల్లలకు నమలుటకు ఏదేని ఇచ్చినను చాలును. జలుబు, చెవిపోటు ఉన్న బిడ్డను వైద్యునికి చూపక ఎక్కింపరాదు. విమానములోని గాలి మిక్కిలి పొడిగా నుండును, తేమ నూటికి ఇరువది పాళ్ళకు మించుట అరుదు, కనుక గంటగంటకు గుక్కెడు నీళ్ళో పాలో పట్టుచుండవలెను. చేతిసంచిలోని ద్రవపదార్థములకు నూరు మిల్లీలీటర్ల హద్దు కలదు గాని, పసిబిడ్డల పాలకు అది వర్తింపదు. తనిఖీవారు చూచి విడిచిపెట్టుదురు. ఆవకాయకు అట్టి మినహాయింపు లేదు. ఆ జాడీ పెద్దపెట్టెలో పోవలసినదే.

ముందువరుసలో గోడకు తగిలించు తొట్టి యొకటి యుండును, బాసినెట్ అందురు. పదికిలోలకు అటునిటుగా బరువున్న పసివారికే అది. ముందుగా అడిగి పెట్టుకొన్నవారికే దొరకును. అది దొరికిన తల్లి అదృష్టవంతురాలని అందరు తలంతురు గాని, కుదుపు వచ్చినపుడెల్ల బిడ్డను తీసి ఒడిలో పట్టుకొనుడని చెప్పుదురు, అప్పుడే కన్నంటుకొన్న బిడ్డ మేల్కొనును. తొట్టికంటె మా అవ్వల జోలపాట మేలు. వేంకటేశ్వరునికే జోలలు, లాలులు కట్టి పాడిన అన్నమాచార్యులు తిరిగిన గడ్డ యిది. మావైపు ఏ అవ్వకును జోలపాటకు కొదువ లేదు. ఇంజను హోరులో ఆ పాట ప్రక్కవానికి కూడ వినబడదు, బిడ్డకు మాత్రము గుండెకు తగిలి వినబడును.

ఏడాది దాటి రెండున్నర నిండని వయస్సు అన్నిటికంటె కఠినము. నడక వచ్చును, మాట వినుట రాదు. వీరికి బొమ్మలకంటె నడవా ప్రియము. బెల్టు దీపము ఆరియున్నంతసేపు ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందునకు చేయి పట్టుకొని త్రిప్పుటయే శరణ్యము. తండ్రులు ఆ పని చేయవలెనని నా మతము. తల్లి ఎక్కినది మొదలు కూర్చున్నచోటు కదలక, ఆయన మాత్రము హెడ్‌ఫోన్లు తగిలించుకొని మూడవ సినిమా చూచుచున్న కుటుంబములను కన్నులార చూచియున్నాను.

సినిమా మాట వచ్చినది కనుక ఫోను సంగతియు చెప్పవలెను. ఏడాదిలోపు పిల్లలకు తెర చూపనేకూడదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019లో సూచించిరి. ఇంటివద్ద ఆ మాటను గౌరవింపవలసినదే. ఆకాశమున ముప్పదివేల అడుగుల పైన, ప్రక్కవాడు కన్నెఱ్ఱచేయుచుండగా, అరగంట ఎక్కువైనంతమాత్రమున బిడ్డ చెడిపోడని నా యభిప్రాయము. అయితే తెరను మొదటనే తీసినవానికి తరువాత చేతిలో ఏమియు మిగులదు. అది కట్టకడపటి అస్త్రము. ఇరువదవ మజిలీవరకు తూణీరమునుండి తీయరాదు. నిద్ర మందు మాత్రము అస్త్రమే కాదు. జలుబు సిరపు రెండు చెంచాలు పోసినచో పడియుండునని సలహా చెప్పువారు ప్రతి వీధిలోను కలరు. ఆ మందుకు కొందరు పిల్లలు నిద్రపోకపోగా మఱింత రెచ్చిపోవుదురు, ఊపిరికి ఇబ్బంది కలుగుటయు కద్దు. వైద్యుడు వ్రాయనిదే ఆ జోలికి పోరాదు.

ఇంతకును, గంటలకొలది కదలక కూర్చుండబెట్టి పిల్లలను మురిపించు విద్య మాకు కొత్తదేమి? విమానము పేరు వినగానే బెదరువారు తిరుమల వైకుంఠం క్యూకాంప్లెక్సులో ఒక రాత్రి గడపి రావలెను. కమ్మీల గదిలో వందలకొలది జనము. తలుపు ఎప్పుడు తెరచుకొనునో గోవిందునికే ఎరుక. దేవస్థానమువారు పాలు పంచుదురు, అన్నము పెట్టుదురు, అంతకుమించి కాలమును ఎవరికివారే గడపుకొనవలెను. ఒకమారు అట్టి గదిలో నా ప్రక్కన కూర్చున్న అవ్వను నేను మరువలేను. రెండేండ్ల పిల్ల యొకతె కాళ్ళు నేలకు తన్నుకొనుచు అరచుచుండగా, ఆమె ఆ పిల్లవంక చూడనైన చూడక, రొంటినున్న రుమాలు తీసి మోకాలిపై పరచినది. మూలకు మూల మడిచి, చుట్ట చుట్టి, చుట్టను విప్పి మరల లోపలికి తిప్పి, రెండు కొసలు బయటికి లాగినది. ఒకటి తోక, ఒకటి ముడి వేసిన తల. దానిని అరచేతిలో పెట్టుకొని నెమ్మదిగా దువ్వుచున్నది. ఏడ్పు కొంత తగ్గినది. వ్రేలి కొసతో వెనుకనుండి చటుక్కున చిమ్మగా ఆ గుడ్డ యెలుక మోచేతివరకు ఎగిరినది. పిల్ల కిసుక్కుమన్నది. గడియ గడచునంతలో గదిలోని పదునలుగురు పిల్లలు ఆమె చుట్టు చేరిరి, వారి తల్లులు కమ్మీలకు ఆనుకొని కునుకు తీసిరి. ఆమె ఎవరి బిడ్డను ఎవరిదని అడుగలేదు. విమానమున కొరవడినది ఇదియే. అక్కడ బిడ్డ ఏడ్చినచో ఇరుగుపొరుగు చెవులలో దూది పెట్టుకొందురే కాని రుమాలు తీయరు.

మేము మా నాలుగేండ్ల మనుమని వెంటబెట్టుకొని కాలిఫోర్నియాకు పోయిన యాత్ర యొకటి చెప్పెదను. మా అమ్మాయి సెలవు దొరకక ముందుగా పోయినది. వానిని తోడ్కొని పోవు భారము మా ముసలివాండ్రపై పడినది. చెన్నయి విమానాశ్రయమున కూర్చుండగనే వాడు షరతు పెట్టెను. "మనూర్లో ఎందుకు ఎక్కకూడదు తాతా? ఈ ఊరు ఎవరిది?" మణిసిద్ధుడు గుర్తుకు వచ్చెను. ఈ ఊరు ఒకప్పుడు మనదేరా యని మొదలుపెట్టితిని. నీవు మొన్న ఎక్కి దిగిన కోట యున్నదే, ఆ చంద్రగిరి విజయనగరపు రాయల కడపటి రాజధానులలో ఒకటి. వేంకటపతిరాయలు ఏలుచుండగా, 1639లో, ఈ తీరమునేలు నాయకుడు దామెర్ల వేంకటాద్రి ఇక్కడి ఇసుకనేలను ఇంగ్లీషు కంపెనీవారికి ఇచ్చినాడు. ఆ నాయకుని తండ్రి చెన్నప్ప పేరుమీదనే ఊరికి చెన్నపట్టణమని పేరు వచ్చినదందురు. "ఇసుకను ఎందుకిచ్చినాడు?" "కోట కట్టుకుంటామన్నారు." "మన కోటకన్నా పెద్దదా?" ఈ ప్రశ్నలతో తనిఖీ వరుస గడచిపోయినది. రాజమహలు కట్టడములో కొయ్య వాడలేదట, రాయి, ఇటుక, సున్నముతోనే మూడంతస్తులు లేచినదట అని నేను చెప్పగా, విమానమునకు కొయ్య వాడినారా యని వాడు అడిగెను. ఆ విషయము తరువాతి మజిలీకి వాయిదా వేసితిని.

మొదటి విమానము సుఖముగా గడచినది. రెండవదానియందు కష్టములు వరుసకట్టినవి. పిల్లల భోజనము కావలెనని ముందుగనే కోరియుంటిమి. ఎక్కిన తరువాత పట్టికలో మీ పేరు లేదనిరి. పెద్దల పళ్ళెములోని కారపు కూరను వాడు ముట్టలేదు. ట్యాబులో సినిమాలు పది నింపి పంపితినని మా అల్లుడు చెప్పియుండెను. తెరచి చూడగా ఇంటర్నెట్టు ఉన్నగాని అందొక్కటియు తెరచుకొనదని తేలినది. కట్టకడపటి అస్త్రము తుస్సుమన్నది. ఎనిమిదవ గంట. దీపములు ఆర్పివేసినారు. కిటికీవెలుపల మంచుకంటె తెల్లని చీకటి. వాడు నిద్రనుండి లేచి "అమ్మ కావాల" అని మొదలుపెట్టెను.

మా యింటిది అంతవరకు కన్నులు మూసికొని యుండెను. "ఆ బొరుగుల సంచి ఇట్లా ఇయ్యండి" అని చేయి చాచెను. భోజనపు బల్లను దించి, నీళ్ళు త్రాగి పెట్టిన కాగితపు గ్లాసులు మావి, ముందువరుసవి, వెనుకవరుసవి అడిగి పోగుచేసి, పై అంచులు తుంచి పొట్టివిగా చేసి, రెండు వరుసలుగా ఆరు అమర్చెను. ఒక్కొక్క గ్లాసులో అయిదు బొరుగులు వేసెను. వామనగుంటలకు పదునాలుగు గుంటలు కావలెను, చింతగింజలు కావలెను. బల్ల చిన్నది, గింజలు గొంతులో పోవునన్న భయము. కావున ఆరు గుంటలు, బొరుగులు. ఒక గుంటలోనివి తీసి ఒక్కొక్కటి పంచుకొంటు పోవలెను, ఖాళీ గుంట వచ్చినచో దాని యవతలివి గెలుచుకొనవలెను. గెలిచినవి తినవలెనని ఆమె అప్పటికప్పుడు కల్పించిన నియమము. వాని యేడ్పు మూడవ గుంటవద్ద ఆగిపోయినది. రెండవ ఆటకు నడవా అవతలినుండి, ఏ భాషయో తెలియని యొక పసిది వచ్చి బల్లయంచు పట్టుకొని నిలువబడినది. ఆమెకు కూడ ఒక ప్రక్క ఇచ్చితిమి. మాటలేమియు అవసరము లేకపోయినవి. నాలుగవ ఆట నడుమ విమానము కుదుపునకు లోనై బొరుగులన్నియు పరిచారకుని బూట్లపై జల్లుగా కురిసినవి. అతడు కన్నులు పెద్దవి చేసినాడు, కాని ఏమియు అనలేదు. మరికొంతసేపటికి ఆరు కొత్త గ్లాసులు తెచ్చి యిచ్చినాడు. ఆ రాత్రి గంటన్నర అట్లు గడచినది. చెనిక్కాయ పప్పులు తేవలదని మా అమ్మాయి ముందే చెప్పియుండుట మేలైనది. చిన్నపిల్లల గొంతుకు అవి అడ్డుపడును, ప్రక్కవారిలో ఎవరికైనను పడకపోవచ్చును.

బొమ్మలు కొనిపోదలచువారికి మావైపు సంగతి యొకటి చెప్పవలెను. తిరుపతి ఎఱ్ఱచందనపు బొమ్మలు పూర్వము ఇంటింట పసిపిల్లల చేతులలో నుండెడివి. శేషాచలపు అడవిలో పెరుగు ఆ చెట్టునకు నేడు చట్టపు కాపలా గట్టిగా నున్నది. దానిని దేశము దాటించుట నిషిద్ధము. మనవడు ముచ్చటపడినాడని ఎఱ్ఱచందనపు బొమ్మను సంచిలో వేసికొన్నచో తనిఖీవద్ద తాతగారి వినోదము వేరుగా నుండును. దానికి బదులు ఏటికొప్పాక లక్కబొమ్మలు హాయి: అంకుడుకర్ర తేలిక, రంగులు ఆకులనుండి గింజలనుండి తీసినవి, నోటిలో పెట్టుకొన్నను బెంగ లేదు. బొంగరమును మాత్రము తీసికొనిపోరాదు. అది సీటు క్రిందికి దొరలినచో పదహారు గంటలును దానిని వెదకుటతోనే సరిపోవును.

చేరిన తరువాతి యవస్థ మరియొకటి. కాలిఫోర్నియాకును మనకును పండ్రెండున్నర, పదమూడున్నర గంటల తేడా, పగలు రాత్రియగును. ఒంటికి లోపలి గడియారము దినమునకు గంట చొప్పున గాని సర్దుకొనదు. ఉదయపు టెండలో ఆడించినచో త్వరగా కుదుటపడును, మధ్యాహ్నము ఎక్కువసేపు పండుకొననిచ్చినచో రాత్రి అందరికి జాగరమే.

కిందటి డిసెంబరున మనుమడు చంద్రగిరికి వచ్చినాడు. మూడవ రాత్రి రెండు గంటలకు మేల్కొని నన్ను తట్టి లేపెను. ఇల్లంతయు నిద్రలో నున్నది. ఇద్దరము మిద్దెపైకి పోయి చాప పరచుకొని పండుకొంటిమి. కోటకొండ నల్లగా, దానిపై చుక్కలు మెండుగా నున్నవి. తూర్పునుండి విమానమొకటి ఎఱ్ఱదీపము ఆర్పుచు వెలిగించుచు నెమ్మదిగా పోవుచుండెను. వాడు దానిని చాలసేపు చూచి, "వాళ్ళిప్పుడు ఎన్నో మజిలీలో ఉండారు తాతా?" అని అడిగెను. నాలుగో అయిదో అయియుండునంటిని. "అయితే కథ చెప్పాల గదా" అనెను. కొయ్య లేని విమానపు కథ వాయిదా పడియున్నదని వానికి గుర్తున్నట్లున్నది. కోడి కూయుటకు ఇంకను మూడు గంటలున్నవి.